ఒకే గది నుంచి రెండు ఉత్తరాలు

నీళ్ళ మీది గది, నంబరు పద్నాలుగు
నవంబరు 3, సోమవారం సాయంత్రం

పాపాయ్,

వచ్చి పడ్డాం. నేను క్షేమం. నాతో వచ్చినాయన క్షేమమో కాదో ఆయన్నే అడుగు, నాకు చెప్పలేదు.

యాభై ఆరేళ్ళ చెల్లెలికి ఫోను చెయ్యకుండా ఉత్తరం రాయడమేమిటని ఆశ్చర్యపోకు. పడవ దిగగానే ఒకమ్మాయి చల్లటి తడి తువ్వాలు చేతికిచ్చి, ఆ నవ్వుతోనే మా ఫోన్లు రెండూ తీసేసుకుంది. ఇది మనుషులు విశ్రాంతి తీసుకునే దీవట. ఫోను ఉన్నచోట విశ్రాంతి ఉండదట. వాటిని గుడ్డసంచీలో వేసి, సంచీకి నంబరు చీటీ కట్టి అలమరలో పెట్టింది. మన లాండ్రీలో బట్టలకి కట్టే చీటీలాంటిదే. వెళ్ళేటప్పుడు నా ఫోను ఇస్త్రీ చేసి ఇస్తారేమో చూడాలి. దానికి బదులు మంచి కాగితాలు, కవర్లు, ఒక సిరా కలం ఇచ్చారు. కలం కారుతోంది. రోజుకొక పడవ వస్తుంది, పోతుంది. ఈ పూట రాసింది రేపు మధ్యాహ్నానికి నీకు చేరుతుంది, నువ్వు రేపు రాసింది ఎల్లుండికి నాకు.

గది గురించి చెప్పాలంటే, సముద్రంలో స్తంభాలు పాతి వాటి మీద కట్టారు. నేల మధ్యలో ఒక అద్దం ఉంది, దాని కింద చేపలు తిరుగుతుంటాయి. అవి పైకి చూస్తున్నాయేమోనని చీర మార్చుకునేటప్పుడు అద్దం మీద తువ్వాలు పరుస్తున్నాను. మంచం ఒక్కటే. మన లాండ్రీలో మడతల బల్లంత ఉంది. దాని మీద తువ్వాలుతో రెండు హంసలు చేసి, ముక్కూ ముక్కూ ఆనించి పెట్టారు. మీ బావ వాటిని చూసి, ఒకదాన్ని తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టారు.

సబ్బుపొడి కంపెనీవాళ్ళు డ్రా తీసి, మన లాండ్రీకి ఈ పదిరోజుల బహుమతి పంపినప్పుడు ఆయన మానుకుంటారని నేననుకున్నాను, నేను మానుకుంటానని ఆయన అనుకున్నారు. చివరికి ఎవరి పెట్టె వాళ్ళు సర్దుకుని రేవులో కలుసుకున్నాం. ఇప్పుడొచ్చిన చిక్కేమిటంటే, ఇంట్లో అయితే ఏం చెప్పాలన్నా నీ మేడ ఎక్కి, "మీ బావకి చెప్పవే" అనేదాన్ని. ఇక్కడ నువ్వు లేవు. పనివాళ్ళతో చెప్పిద్దామంటే పరాయివాళ్ళ ముందు పరువు పోతుంది. వాళ్ళ ముందు ఇద్దరం నవ్వుతూ తిరుగుతున్నాం. తలుపు మూసుకోగానే నవ్వులు కూడా తీసి పెట్టెలో పెట్టేస్తున్నాం.

కాబట్టి మీ బావకి చెప్పు: ఏసీ ఆయన పెట్టినట్టున్నారు, గది మంచుగడ్డలా ఉంది. ఆయనకి చల్లగా ఉంటేనే నిద్ర పడుతుందని నేను ముట్టుకోలేదు. శాలువా కప్పుకుని ఎల్లుండి దాకా ఓర్చుకుంటాను. ఈలోగా జవాబు రాయి.

ఇంకొక మాట. నీకు తెలిసిన సంగతే అయినా రాస్తాను, రాస్తే నాకు తృప్తి. బ్యాండు మాస్టారి తెల్ల కోటుకి సిరా మరక పడితే, నలుగురి ముందు "అది మా ఆవిడ చేతి పని" అన్నారు మీ బావ. ముప్పై ఏళ్ళుగా ఆ లాండ్రీలో మరకలు తీసింది నేను. ఆ సిరా మీ బావ బట్టల చీటీలు రాసే కలంలోది. కోటు జేబులో కలం గుచ్చి మరిచిపోయింది ఆయన. మరక ఆ సాయంత్రమే తీసేశాను. ఆ మాట మాత్రం పోలేదు. "తప్పు నాది" అని ఒక్క మాట కోసం పదకొండు నెలలుగా చూస్తున్నాను. ఈ పది రోజుల్లో ఆ మాట రాకపోతే, తిరిగొచ్చాక నేను లాండ్రీలో అడుగు పెట్టను. పెట్టె తీసుకుని నీ దగ్గరికి వచ్చేస్తాను. ఉత్తరం మొదలుపెట్టే ముందే ఒట్టు పెట్టుకున్నాను.

అన్నట్టు, బల్లకి అటుపక్కన ఆయన కూడా ఏదో రాస్తున్నారు. పరీక్షలో పిల్లాడిలా చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ.

చలిలో వణుకుతూ,
అక్క

---

మేడ మీది గది
నవంబరు 4, మంగళవారం

అక్కా,

మధ్యాహ్నం రేవు గుమాస్తా స్వయంగా వచ్చి రెండు కవర్లు ఇచ్చాడు. రెండింటి మీదా ఒకే దీవి ముద్ర, వెనక ఒకే గది నంబరు. "మీవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు కనపడనంత పెద్ద గదా అది?" అని అడిగాడు. చాలా పెద్దదన్నాను.

రెండో కవరు బావది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, చదువుకో: "మరదలా, మీ అక్కకి చల్లగా ఉండటం ఇష్టమని ఏసీ జోలికి పోలేదు. నా మోకాళ్ళు కొయ్యబారిపోయాయి. కాస్త తగ్గించమని నువ్వు చెప్పు. నేను చెప్పానని చెప్పకు."

అక్కా, నేను కుర్చీలోంచి కింద పడలేదు గానీ, పడ్డంత పని అయింది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని వణుకుతూ, ఒకరి సుఖం కోసం ఒకరు బిగుసుకుపోతూ, ఆ సంగతి సముద్రం దాటించి నాకు చెబుతున్నారు. ఏసీ మీరిద్దరూ పెట్టలేదు, గది సర్దేవాళ్ళు పెట్టి ఉంటారు. ఆపెయ్యమని ఈ పడవకే బావకీ రాస్తున్నాను.

ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లైన్లు కలిపాను గానీ ఇలాంటి కాల్ నాకెప్పుడూ తగల్లేదు. ఒకే గదిలోంచి ఒకే గదికి ట్రంక్ కాల్ అన్నమాట.

ఇక్కడ లాండ్రీ సంగతి నువ్వు బెంగ పెట్టుకోకు. కొత్త బట్టలు తీసుకోవడం లేదు, అయినవి ఇచ్చి పంపిస్తున్నాను. బ్యాండు మాస్టారి ప్యాంటు పొరపాటున హెడ్మాస్టరుగారికి ఇచ్చాను. ఆయన దాన్నే వేసుకుని స్కూలుకి వెళ్ళారట. పిల్లలు వందనం బదులు కవాతు చేశారని చెప్పుకుంటున్నారు. మాస్టారు ఇంకా అడగలేదు, అడిగినప్పుడు చూద్దాం.

నీ పెట్టె సంగతి. రావద్దని నేనంటానా? కాకపోతే నా గదిలో మంచం ఒకటే, అది కూడా ఒకవైపు దిగిపోయింది. తెల్లారి లేచేదాకా నేను రేడియో పెట్టుకుంటాను. నువ్వు రోజూ రాత్రి తొమ్మిదింటికి వచ్చి భోంచేసి, కబుర్లు చెప్పి వెళ్తున్నావు, అది బాగానే ఉంది కదా? బావ ఎనిమిదింటికి, నువ్వు తొమ్మిదింటికి. ఇలాగే సాగనీ. నువ్వు తొందరపడి ముందు నోరు విప్పకు. ఇన్నాళ్ళు పట్టు పట్టి ఇప్పుడు వదిలితే చులకనైపోతావు.

చేపలకి నా నమస్కారాలు చెప్పు.

నీ పాపాయి

---

నంబరు పద్నాలుగు
నవంబరు 6, గురువారం

పాపాయ్,

నీ ఉత్తరం ఏసీకి చేసిన మేలు విను. నిన్న మధ్యాహ్నం మా ఇద్దరికీ ఒకే పళ్ళెంలో కవర్లు వచ్చాయి. నేను స్నానానికి వెళ్ళినప్పుడు ఆయన మీట నొక్కి ఆపారు. నేను వచ్చి, ఆయన ఇంకా ఆపలేదనుకుని అదే మీట నొక్కాను. మొదలైంది. ఆయన బయట తిరిగొచ్చి మళ్ళీ నొక్కారు. నేను నిద్రలేచి మళ్ళీ నొక్కాను. సాయంత్రానికి ఆ యంత్రం కీచుమని ఒక కేక పెట్టి చచ్చిపోయింది. ఇప్పుడు కిటికీలు తెరిచి సముద్రపు గాలికి పడుకుంటున్నాం. ఆ గాలి చాలా బాగుంది, ఈ మాట ఆయనకి చెప్పక్కర్లేదు.

ఇక్కడి భోజనశాలలో పళ్ళెం పట్టుకుని ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు. బల్ల మీది గుడ్డల మడతలు మాత్రం ఘోరం. నిన్న ఆయన తినడం ఆపి, గుడ్డని ఎత్తి, వెలుతురుకి పట్టి చూసి, పెదవి విరిచారు. నాకూ అదే అనిపించింది. ముప్పై ఏళ్ళ అలవాటు కదా, ఆయన చూసిన వెంటనే నా వైపు చూశారు. నేను కూడా చూసేశాను. తర్వాత ఇద్దరం గబుక్కున కిటికీ కింద నీళ్ళలో చేపల వైపు తిరిగాం.

నిన్న మొగుడూపెళ్ళాలకి కలిపి ఒళ్ళు పట్టారు. బహుమతిలో అదొక భాగమట. రెండు బల్లల మీద పక్కపక్కనే బోర్లా పడుకోబెట్టారు. నూనె రాసే ఆవిడ, ఇంత ప్రశాంతంగా ఉండే జంటని ఎప్పుడూ చూడలేదని మెచ్చుకుంది. ఆయన దగ్గారు. నేనూ దగ్గాను.

ఇప్పుడు అసలు సంగతి. మూడు రోజులుగా మీ బావ పది కొట్టగానే మాయమైపోతున్నారు. ఒంటి గంటకి వస్తున్నారు. వచ్చేటప్పటికి మొహం ఎర్రగా ఉంటోంది, కాలరు తడిగా ఉంటోంది, ఒంటి మీద పూల అత్తరు వాసన. ఈల కూడా వేస్తున్నారు. ఈయన ఈల వేసి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు లేదు. మా పక్క గదిలో గొడుగంత టోపీ పెట్టుకునే ఒకావిడ ఉంది. నిన్న భోజనాల దగ్గర ఆయన్ని చూసి చెయ్యెత్తి నవ్వింది. ఆయన తల వంచి నవ్వారు, అచ్చం పెళ్ళిచూపుల్లో నవ్వినట్టు.

నాకేం పట్టింపు లేదు. అరవై దాటినవాడు ఎక్కడ తిరిగితే నాకేం? అయినా నువ్వు ఊరికే, నీకు తోచినట్టుగా, నేను అడిగానని తెలియకుండా, రోజూ పొద్దున్న ఎక్కడికి వెళ్తున్నారో కనుక్కో. టోపీ ఆవిడ ఊసు ఎత్తకు. ఎత్తినా ఫరవాలేదు.

పట్టింపు లేని,
అక్క

---

మేడ మీది గది
నవంబరు 7, శుక్రవారం

అక్కా,

నీకు పట్టింపు లేదని నాలుగు సార్లు చదివాక నమ్మాను.

నేను అడగకముందే బావ ఉత్తరం వచ్చింది. ఎక్కడికి వెళ్తున్నదీ అందులో లేదు. ఉన్నదేమిటంటే, "మీ అక్క మూడేసి పేజీలు రాస్తోంది, రాస్తూ తనలో తనే నవ్వుకుంటోంది, అంత నవ్వు నా గురించా?" అని. కాదు బావా, చేపల గురించి అని రాశాను. నమ్మకపోతే ఆయనిష్టం.

టోపీ ఆవిడ సంగతి నువ్వు మనసులో పెట్టుకోకు. వయసు మళ్ళినవాళ్ళకి సముద్రపు గాలి తగిలితే ఇలాగే ఈలలు వస్తాయి. నాలుగు రోజులు పోతే తగ్గుతుంది. వెంట వెళ్ళి చూద్దామని మాత్రం అనుకోకు. చూసి ఏం చేస్తావు? ఏదైనా కనిపిస్తే నోరు విప్పాల్సి వస్తుంది. నోరు విప్పితే ఓడిపోయినట్టే. అంతకంటే ఆ గదిలోనే కూర్చుని నాకు ఉత్తరాలు రాయి. నీ ఉత్తరాలు చాలా బాగుంటున్నాయి. రేవు గుమాస్తా కూడా కవరు బరువు చూసి, ఈ రోజు ఏం జరిగిందని ఆత్రంగా అడుగుతున్నాడు.

బావ చివర్లో ఇంకేదో గొణిగారు. "చెప్పాల్సింది నేను చెప్పి పది నెలలైంది, జవాబు రావాల్సింది అటు నుంచే" అని. ఏమిటో, ఎండకి రాసినట్టున్నారు. నువ్వేం పట్టించుకోకు.

బ్యాండు మాస్టారు ప్యాంటు కోసం వచ్చారు. హెడ్మాస్టరుగారి ప్యాంటు ఇచ్చి పంపాను. పొడుగు సరిపోయిందని సంతోషంగా వెళ్ళారు.

వచ్చాక అన్నీ నేను చక్కబెడతాను కదా, నువ్వు హాయిగా ఉండు.

నీ పాపాయి

---

నంబరు పద్నాలుగు
నవంబరు 9, ఆదివారం

పాపాయ్,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు.

వెంట వెళ్ళొద్దని నువ్వు రాశావు కాబట్టి వెళ్ళాను. నువ్వు అంత గట్టిగా వద్దన్న పని ఏదీ నేను ఇంతవరకూ మానలేదు. ఈ పొద్దున్న పది కొట్టగానే ఆయన బయల్దేరారు. చెప్పులు చేత్తో పట్టుకుని, ఇసకలో చప్పుడు కాకుండా వెనకాలే నడిచాను. ఈత కొలను దాటారు, వంటశాల దాటారు. చెట్ల వెనక, అతిథులకి కనపడకుండా కట్టిన ఒక పొడుగాటి షెడ్డులోకి వెళ్ళారు. గుమ్మంలో ఆవిరి వాసన తగలగానే నాకు అర్థమైపోయింది. నవ్వాలో తిట్టాలో తెలియక అక్కడే నిలబడ్డాను.

అది ఈ దీవి లాండ్రీ. మీ బావ చొక్కా చేతులు మడుచుకుని, బల్ల మీద గుడ్డ పరిచి, నలుగురు పనివాళ్ళని చుట్టూ నిలబెట్టి ఇస్త్రీ నేర్పుతున్నారు. ముందు అంచులు, తర్వాత నడుమ, చివర్న మడత. పదిరోజుల విశ్రాంతికి వచ్చిన మనిషి రోజూ మూడు గంటలు ఇస్త్రీ చేసి, ఆ సంతోషంతో ఈల వేసుకుంటూ వస్తున్నారు. పూల అత్తరు వాసన వాళ్ళు దుప్పట్ల మీద చల్లే నీళ్ళది. నేను ఆరేసిన దుప్పట్ల వెనక దాక్కున్నాను.

అప్పుడే టోపీ ఆవిడ వచ్చింది, చేతిలో తెల్ల గౌనుతో. దాని ముందుభాగం నిండా నీలం సిరా. ఫోన్లు లాక్కుని అందరికీ కారే కలాలు ఇస్తే ఇంకేమవుతుంది? ఈ వారంలో సిరా మరకతో వచ్చిన పదిహేనో బట్ట అదట. లాండ్రీ చూసే ఆయన ఏదో సీసా తీసి పోయబోయాడు. మీ బావ అతని చెయ్యి పట్టుకుని ఆపారు.

"దీన్ని ముట్టుకోకండి. మరకలు నాకు చేతకావు, అది మా ఆవిడ పని. ముప్పై ఏళ్ళలో ఆవిడ చేతిలో పోని మరక నేను చూడలేదు. ఒకేఒక్కసారి నలుగురి ముందూ దానికి ఎదురు మాట అన్నాను. ఇప్పటికీ అనుభవిస్తున్నాను."

దుప్పటి వెనక నాకు కళ్ళు మసకేశాయి. ఆయన మాటలు అక్కడున్న పనివాళ్ళకి ఎంత అర్థమయ్యాయో నాకు తెలియదు. నాకు మాత్రం అంతా అర్థమైంది. దుప్పటి తొలగించుకుని బయటికి వచ్చి, పాలు, నిమ్మకాయ, ఉప్పు తెమ్మన్నాను. ఆయన తొట్టి తెచ్చారు. గుడ్డని రెండు చేతుల్తో బిగువుగా పట్టుకున్నారు, మన లాండ్రీలో ఎప్పుడూ పట్టుకున్నట్టే. నేను పాలు పోసి, ఉప్పూ నిమ్మరసమూ వేసి రుద్దాను. అరగంటకి మరక పోయింది. పనివాళ్ళు చప్పట్లు కొట్టారు. టోపీ ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు. మంచి మనిషి పాపం.

తర్వాత ఇద్దరం షెడ్డు వెనక మెట్ల మీద కూర్చున్నాం.

"నీకింకా కోపం పోలేదా?" అన్నారు. పదకొండు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట.

"మీరొక్క మాట అంటే ఎప్పుడో పోయేది" అన్నాను.

"అన్నానుగా."

"ఎప్పుడు?"

"గొడవైన మూడో వారమే. ఆ సిరా నా కలందే, తప్పు నాది, లాండ్రీలో అందరి ముందూ చెబుతాను అని మీ చెల్లెలితో చెప్పి పంపాను. నువ్వు ఉలుకూ పలుకూ లేకుండా ఊరుకున్నావు. మళ్ళీ అడిగితే, ఇంకా ఆలోచిస్తోంది బావా అంది. నాలుగైదు సార్లు అడిగి, సిగ్గేసి మానేశాను."

పాపాయ్, మేమిద్దరం ఒకేసారి సముద్రం వైపు తిరిగాం. మన రేవు ఉన్న వైపు.

పది నెలలు నేను ఆయన్ని మొండి మనిషి అనుకున్నాను, ఆయన నన్ను రాయి అనుకున్నారు. మొన్న వానాకాలంలో ఆయనకి వారం రోజులు జ్వరం వస్తే మందు నీ చేతికిచ్చి పంపాను. గుమ్మం బయట నిలబడి ఆయన మూలుగు విన్నాను. నుదుటి మీద చెయ్యి పెట్టి చూడటానికి లోపలికి వెళ్ళలేదు. ఆ వారం నాకెవరు తిరిగిస్తారు?

ఎందుకు చేశావు? రేపే రాయి. తమాషాగా రాయకు, నిజం రాయి.

అక్క

---

మేడ మీది గది
నవంబరు 10, సోమవారం

అక్కా,

నీ ఉత్తరం కూర్చునే చదివాను.

నిజమే. బావ చెప్పారు. ఆ రోజు మంగళవారం, ఎనిమిదిన్నర అయింది. "తప్పు నాదని మీ అక్కకి చెప్పమ్మా" అన్నారు. "అమ్మా" అని నన్ను ఎప్పుడూ పిలవరు, అంత వినయంగా చెప్పారు. నువ్వు తొమ్మిదింటికి వస్తావు కదా, రాగానే చెబుదామని తలుపు దగ్గరే నిలబడ్డాను. నువ్వు వచ్చావు. మెట్లెక్కుతూనే నవ్వుతూ ఏదో చెప్పడం మొదలుపెట్టావు. రేపు చెబుదాంలే అనుకున్నాను.

అక్కా, నేను ఎక్స్ఛేంజి నుంచి దిగిపోయాక నాలుగేళ్ళు ఈ మేడ మీదికి ఎవరు వచ్చారో నీకు గుర్తుందా? పాలు పోసేవాడు. మీరిద్దరూ కింద లాండ్రీలో కలిసి పని చేసుకుని, కలిసి తిని, కలిసి పడుకునేవాళ్ళు. పండగకో, పబ్బానికో రమ్మని కేకేసేవాళ్ళు. ముప్పై ఏళ్ళు చెవిలో పదిమంది గొంతులు విన్నదాన్ని, గోడ గడియారం వింటూ కూర్చునేదాన్ని. మీ గొడవ అయ్యాక ఒక్కసారిగా నా ఇంట్లో దీపం వెలిగింది. ఎనిమిదింటికి బావ ఒక మాట పట్టుకుని వచ్చేవారు, తొమ్మిదింటికి నువ్వొక మాట పట్టుకుని వచ్చేదానివి. మళ్ళీ ఎవరికో నాతో పని పడింది అనిపించింది. మీరు మాట్లాడుకుంటే మళ్ళీ నా మెట్లెవరు ఎక్కుతారు? ఆ భయంతోనే దాచాను. దాచిన కొద్దీ చెప్పడం కష్టమైంది.

ఎక్స్ఛేంజిలో మాకు ఒకటే నియమం. లైను కలిపాక చెవి తీసెయ్యాలి. అక్కడ ఒక్కరోజు కూడా తప్పలేదు. ఇంట్లో తప్పాను. బావ జ్వరంలో ఉన్నప్పుడు నువ్వు గుమ్మం బయట నిలబడటం నేను చూశాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఆ ఒక్కదానికి నాకు క్షమాపణ అడిగే మొహం కూడా లేదు.

తమాషాగా రాయొద్దన్నావు, రాయలేదు. ప్యాంట్లు మాత్రం ఇంకా మారలేదు, ఆ సంగతి చెప్పకపోతే అది కూడా దాచినట్టవుతుందని రాస్తున్నాను.

నువ్వు ఏ శిక్ష వేసినా సరే. ఎల్లుండి రేవుకి వస్తాను. నా మొహం చూడకపోయినా వస్తాను.

పాపాయి

---

నంబరు పద్నాలుగు
నవంబరు 11, మంగళవారం

పాపాయ్,

నీ ఉత్తరం ఆయన పైకి చదివారు, నేను విన్నాను. మధ్యలో రెండుసార్లు ఆగారు. కళ్ళద్దాలు తుడుచుకోవడానికి అన్నారు. ఆ కళ్ళద్దాల మీద ఏమీ లేదు.

నీ మీద నాకు చాలా కోపం వచ్చింది. ఇంకా ఉంది. ఈ కోపం తగ్గాక మళ్ళీ ఒకసారి వస్తుంది, నాకు తెలుసు. దానితో పాటు నాకు సిగ్గు కూడా వేసింది. నాలుగేళ్ళు పాలవాడు తప్ప ఎవరూ ఎక్కని మెట్లకి కిందే నేనున్నాను. ఒక్కరోజు కూడా తల పైకెత్తి చూడలేదు. ఆ తప్పు మాత్రం నాది. చూశావా, ఈ మాట అనడం ఎంత తేలికో. మధ్యలో ఎవరూ లేకపోతే ఇంకా తేలిక.

నిన్న సాయంత్రం ఇసకలో మా ఇద్దరికీ బల్ల వేసి, దీపాలు పెట్టి భోజనం పెట్టారు. ఆయన పదకొండు నెలల మాటలు ఒక్కసారే మొదలుపెట్టారు. నేను తినడానికి సందు దొరకలేదు. రెండో హంసని కుర్చీలోంచి మంచం మీదికి తెచ్చారు, మడత తప్పుగా ఉందని మళ్ళీ విప్పి చేశారు. ఇప్పుడది బాతులా ఉంది.

నీ శిక్ష గురించి ఇద్దరం కూర్చుని ఆలోచించాం. ఆయన క్షమించేద్దామన్నారు, ఆయన మెతక మనిషి. నేను ఒప్పుకోలేదు. రేపటి నుంచి సరిగ్గా పది నెలలు నేను నీతో మాట్లాడను. నాకేదైనా చెప్పాలంటే మీ బావకి చెప్పు, ఆయన నాకు చెబుతారు. నేను చెప్పేదీ ఆయనే తెస్తారు. సగం మాటలు మెట్ల మీదే మరిచిపోతారు, మిగతా సగం తిరగేసి చెబుతారు. మధ్యలో మాట చిక్కుకుంటే ఎలా ఉంటుందో నీకూ తెలియాలి.

ఆయన మామూలుగానే ఎనిమిదింటికి వస్తారు, నేను తొమ్మిదింటికి. కలిసి రావచ్చు కదా అన్నారాయన. కలిసి వస్తే నీకు ఒక గంటే దక్కుతుంది, విడివిడిగా వస్తే రెండు గంటలు. లెక్క నాది. నేను వచ్చి, కూర్చుని, భోంచేసి, మాట్లాడకుండా వెళ్తాను. గంటసేపు నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల అవుతుందో కాదో నీకు తెలుసు, అయినా ప్రయత్నిస్తాను. ఆ దిగిపోయిన మంచం మీ బావ బాగు చేస్తారు. రాగానే ప్యాంట్లు మాత్రం నువ్వే వెళ్ళి మార్చు, అందులో మేము వేలు పెట్టం.

నీతో మాట్లాడని,
అక్క

తా.క. ఈ ఉత్తరమూ మేమూ రేపు ఒకే పడవలో వస్తున్నాం. మాట్లాడనని అన్నాను కాబట్టి పోస్టులోనే పంపుతున్నాను. రేవు గుమాస్తా దీన్ని నీ చేతికిచ్చేటప్పటికి నేను నీ పక్కనే నిలబడి ఉంటాను. చదివాక నా వైపు చూసి ఏడవకు. మీ బావ నీకు ఎడమపక్కన ఉంటారు, ఆయనతో చెప్పు.